రుచి లేని నీళ్ళు

మొదటి బోరు దగా చేసింది.
అరవై మీటర్లు దిగి
బూడిదరంగు పిండి కక్కి ఊరుకుంది మిషను.
రాయి, అన్నాడు సాల్ఫో
తనే ఆ రాయిని తెచ్చి అక్కడ పాతినవాడిలా తల దించుకుని.
మేం పసుప్పచ్చ డబ్బాలు ఎత్తుకుని
ఎవరి మొహం ఎవరం చూసుకోకుండా
మళ్ళీ మడుగు దారి పట్టాం.

మడుగంటే చెప్పాలి మీకు.
జొన్నచేలు దాటి, పత్తి దాటి,
ఊరి పశువులన్నీ మాకంటే ముందే
తాగి, తొక్కి, కడుపు ఖాళీ చేసుకుపోయిన చోటు.
నడుముగుడ్డ కొంగు నాలుగు మడతలేసి వడకట్టేవాళ్ళం.
గుడ్డ మీద కనిపించినవి దులిపేశాం.
కనిపించనివి తాగాం.
మాట తడబడ్డవాణ్ణి నీళ్ళు నములుతున్నాడంటారు,
మేం నిజంగానే నమిలాం,
పళ్ళ కింద ఇసుక కరకరమనేది.
నా మూడోవాడు తిబో.
వానలు మొదలైన రెండో వారం.
అంతకుమించి అడక్కండి.

రెండో చోటు ముసలి యంబా చూపించాడు.
చెదపుట్ట పక్కన,
హర్మాటన్ గాలికి ఊరంతా పెదాలు పగిలే రోజుల్లో కూడా
తన గాడిద పొర్లడానికి వెతుక్కునే చోటు.
ఇంజనీరు నవ్వాడు.
తీగలు పరిచి, మీటలు నొక్కి, లెక్కలు కట్టి
సాయంత్రానికి అతనూ అక్కడికే వచ్చి నిలబడ్డాడు.
గాడిద సంగతి రిపోర్టులో రాయలేదు.

నలభై ఏడో మీటరు దగ్గర
ముందు ఎర్ర బురద,
తర్వాత పాలు ఎక్కువైన టీ లాంటిది,
తర్వాత
అవతలి మనిషి కాళ్ళు కనిపించే నీళ్ళు.
ఎవరూ కేకలు వేయలేదు.
నోపోకో చెయ్యి పెట్టి చటుక్కున లాక్కుంది.
"వెచ్చగా ఉన్నాయే!"
బాలింత ఒళ్ళు ముట్టుకున్నట్టుందట.

కానీ తాగనివ్వలేదు.
సీసాలో నింపి, మూతకి మైనం పెట్టి
వాహిగుయా పట్నానికి పంపారు.
పంపుకి గొలుసు, గొలుసుకి తాళం.
పదకొండు రోజులు.
పదకొండు రోజులూ ఆ తాళం పక్కనుంచే మడుగుకి నడిచాం.
కోడిపిల్లలు మాత్రం సిమెంటు గట్టు మీద జారిన చుక్కలు తాగి
చావకుండా తిరుగుతూనే ఉన్నాయి.
పట్నం కంటే ముందు మాకొచ్చిన ఫలితం అదే.

కాగితం వచ్చాక మొదటి సొరబుర్ర యంబాకి.
రెండు గుక్కలు తాగి, మూతి తుడుచుకుని
"వీటికి రుచి లేదు" అన్నాడు.
ఊరు ఊరంతా నవ్వింది.
డెబ్భై ఏళ్ళ బురద, నాలుకకి అలవాటు పడిందన్నారు.
ఆయన అలిగి, వారం పాటు మనవణ్ణి మడుగుకే పంపాడు.
నేను నవ్వలేదు.
ఆ రాత్రి గుమ్మంలో ఒక్కదాన్నే కూర్చుని తాగాను.
ఇసుక లేదు. పేడ వాసన లేదు.
వెతికాను, నాలుకతో మూలమూలా వెతికాను.
ఏమీ దొరక్క ఏడ్చాను.
ఇంటికి రెండొందల అడుగుల దూరం.
అప్పుడూ ఇక్కడే ఉన్నాయి కదా, కాళ్ళ కిందే,
వాడు పోయిన వారం కూడా.

ఇప్పుడు నా దగ్గర పెద్ద పానా ఉంది.
రబ్బరు వాషరు అరిగితే పంపు ముసలివాడిలా దగ్గుతుంది,
వంట దగ్గరున్నా వినగానే తెలుస్తుంది.
నెలకి ఇంటికి ఇంతని టమాటా డబ్బాలో చిల్లర.
రస్మానె రెండు నెలలు బాకీ,
పెళ్ళాం ముందే అడిగాను, సిగ్గుపడనీ.
తెల్లవారుజాము మెలకువ మాత్రం పోలేదు.
ఎటూ వెళ్ళక్కర్లేదని గుర్తొచ్చి
చీకట్లో కాళ్ళు చాపుకుంటాను,
ఏదో దొంగిలిస్తున్నట్టు.

మా వైపు, గడపలోకొచ్చిన మనిషికి
ముందు నీళ్ళు, తర్వాతే మాటలు.
సజ్జపిండి కలిపి రెండు చేతులతో ఇవ్వాలి.
అప్పట్లో ఇచ్చి, మొహం తిప్పేసుకునేదాన్ని,
మేకపిల్లని అదిలించే వంకతో.
మొన్న ఎవరో సైకిలు మనిషి, దారి తప్పి వచ్చాడు.
బుర్ర ఎత్తాడు.
ఆఖరి గుక్క దిగేదాకా
అతని గొంతు వంకే చూస్తూ నిలబడ్డాను.