ఖాళీ కాటా

కాన్వెంట్ జంక్షన్ దాటాక
పోర్టు రోడ్డు వారన మా కాటా.
బొగ్గు లారీ ఎక్కుతుంది, అంకె వెలుగుతుంది,
నేను చీటీ రాసి, చింపి ఇస్తాను.
పంతొమ్మిదేళ్లుగా ఇదే పని.
జ్ఞానాపురంలో మా దండెం మీద తెల్ల చీర
సాయంత్రానికి తెల్లగా ఉండదు.
ఆదివారం చీరని మాత్రం
ఇంట్లోనే, ఫ్యాను కింద ఆరేస్తాను.

కాటాలో ఒక సంగతుంది.
పైన ఏమీ లేకపోయినా
ఒక్కోనాడు నలభై కిలోలు చూపిస్తుంది.
పలక కింద గోతిలో
బొగ్గు పొడి, వాన బురద, ఎవడో ఉమ్మిన కిళ్లీ
కొంచెం కొంచెంగా చేరి
ఇనుమును కిందనుంచి పట్టుకుంటాయి.
ఏ రోజు చేరిందో చెప్పలేం.
ఏ రోజూ ఎక్కువ చేరలేదు.

శనివారం రాత్రి, నా వంతు డ్యూటీలో,
జెబదయ్య గారొచ్చారు.
మా సంఘ పెద్ద. పదహారు లారీల ఆసామి.
మా అమ్మ పెట్టెకి మొదట భుజం పట్టింది ఆయనే.
"ఈ ఒక్క రాత్రే దయామణీ,
లారీకి రెండు టన్నులు తగ్గించి రాయి.
నీకిచ్చేది నీకిస్తాను, మిగతాది మందిరం రేకులకే కదా.
వానలొస్తున్నాయి,
ప్రార్థనలో గొడుగులేసుకుని కూకుంటామేటి?"

నిజమే, కారుతోంది.
బల్ల పక్కన గిన్నె పెట్టి నీళ్లు పట్టిన ఆదివారం
నేనూ అక్కడే ఉన్నాను.

ఆయన దొంగలా రాలేదు, అదే కష్టం.
కొమ్ములతో వస్తే పోల్చుకుందును.
ఉతికిన చొక్కా వేసుకుని, వందనాలు చెప్పి,
ప్రభువు పేరు నాకంటే బాగా పలుకుతూ వచ్చారు.

నేను ధైర్యం ఉన్నదాన్ని కాను.
'వద్దు' అన్న మాట నోట్లో తయారవుతుండగానే
మేనకోడలి నర్సింగు ఫీజు గుర్తొచ్చింది.
దాని వెనకే సత్తిరాజు లారీ.
కిందటేడు, భార్య కేజీహెచ్‌లో ఉందని ఏడిస్తే
అరటన్ను తక్కువ రాశాను.
జాలి అనుకున్నాను.
దేవుడూ అలాగే అనుకుంటాడనుకున్నాను.
ఆ చీటీ మీద సంతకం నాదే.
ఆ సంగతి ఈయనకి తెలుసు. తెలిసే వచ్చారు.

గోతిలో మొదటి పిడికెడు బొగ్గు అది.

"కాటా ఎంత చూపిస్తే అంతే సార్" అన్నాను,
గొంతు నాది కానట్టు.
"చూపించేది కాటా. రాసేది నువ్వే కదమ్మా."
"రాసేది నేనే" అన్నాను. "అందుకే."

లారీలు ఎక్కాయి, దిగాయి.
పదకొండు చీటీలు, ఉన్నదున్నట్టు.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం తిరుగుతూనే ఉంది,
ఎవరి కోసమో చెప్పకుండా.
ఉరుము లేదు. దేవదూత లేడు.
తెల్లారి నాకు టీ కూడా రాలేదు,
కుర్రాడికి ఎవరో చెప్పినట్టున్నారు.

ఆ వారం నుంచి నాకు అన్నీ రాత్రి డ్యూటీలే.
మందిరంలో నా చాప చుట్టూ జాగా పెరిగింది.
రేకులు కొత్తవి పడ్డాయి, ఎవరి లెక్కలోంచో.
వాన ఇప్పుడు లోపల పడదు.
పాట పాడేటప్పుడు నేను తలెత్తి పైకి చూడను.

సత్తిరాజు చీటీ సంగతి యజమానికి చెప్పి
జీతంలో కోసుకోమన్నాను.
కోశారు.
నవ్వారు కూడా.

తెల్లవారుజామున నాలుగింటికి
లారీలు లేని పది నిమిషాల్లో
చిన్న పార పట్టుకుని గోతిలోకి దిగుతాను.
మోకాళ్లూనితే తప్ప అందని చోటు అది.
గీకుతాను. నిన్న గీకిన చోటే.
ప్రభువా, రాత్రి ఏం చేరిందో కనబడటం లేదు,
చెయ్యి పెట్టి తడుముతున్నాను.

పైన ఎవడో హారన్ కొడుతున్నాడు.
"ఏటమ్మా లేటు?"
ఆగు బాబూ.
ఇంకా పది కిలోలు చూపిస్తోంది.