తాలు కలపకుండా

డబ్బాలో మూడు పొట్లాలు వచ్చాయి,
గాలి పీల్చేసి బిగించిన వెండికాగితం పొట్లాలు.
మిర్చి యార్డులో పన్నెండేళ్ళ గుమాస్తాని,
సరుకు చూడందే ధర చెప్పను.
చూస్తే ఏముంది,
ఆకుపచ్చ గుళికలు,
అచ్చం గేదెల దాణా.

ఆ మాటే అంది సాంబ్రాజ్యం.
తొడిమలు తీసే చేతులు,
గోళ్ళ కిందకి దిగి ఇక బయటికి రాని ఎరుపు.
"హాప్స్. బీరులో వేస్తారు, చేదుకి" అన్నాను గొంతు తగ్గించి.
"చేదుకి వేపాకు దొరకలేదా నీకు?"
తను గొంతు తగ్గించలేదు.

నిజానికి మూడూ వెయ్యాలని ఉంది నాకు.
సిట్రా కాస్త, కాస్కేడ్ కాస్త, సాజ్ ఓ గుప్పెడు.
డబ్బు పోసి కొన్నాను కదా,
మూడూ పలకొద్దా నాలుక మీద?

ఒక్కో గుళికా అరచేతిలో నలిపింది సాంబ్రాజ్యం.
మొదటిది ముక్కు దాకా తెచ్చి
టక్కున దూరం జరిపింది:
"మామిడికాయ సొన. ఆ పక్కనే పిల్లి ఉచ్చ."
రెండోది: "పంపరపనస తొక్క.
పెళ్ళిలో ఎవడో పన్నీరు మొహాన కొట్టినట్టుంది."
మూడోదాన్ని చాలాసేపు పట్టుకుంది.
చుట్టూ యార్డంతా తుమ్ముతోంది,
హమాలీలు బస్తాలు దించుతున్నారు,
ఆ ముక్కు మాత్రం ఎక్కడికో వెళ్ళింది.
"ఇది అరవట్లేదు" అంది చివరికి.
"వాన వెలిశాక గట్టు మీద గడ్డి కోస్తే
కొడవలికి అంటుకుంటుందే, ఆ వాసన.
కొంచెం మిరియం.
ఇదొక్కటే వెయ్యి."

ఎందుకని అడిగితే
పక్కనున్న బస్తా చూపించింది.
పైన తేజ, నిగనిగ.
మోచేతి దాకా చెయ్యి దింపితే
నడిమధ్యలో తెల్లబోయిన తాలు.
పొద్దున ఆ బస్తాకి ధర రాసింది నేనే.

ఆదివారం.
కొత్తపేటలో మస్తాన్ దగ్గర అద్దెకి తెచ్చిన బిర్యానీ డేగిసా.
చింతపండుతో మూడుసార్లు తోమినా లవంగం పోలేదు,
నాలుగోసారికి పోయింది, నా చేతి తోలుతో సహా.
మాల్టు నీళ్ళు పొంగి పొయ్యి ఆర్పాయి.
మళ్ళీ వెలిగించి ఒక గుప్పెడు వేశాను,
గంటసేపు తెర్లాలి, అది చేదుకి.
దించబోతూ ఇంకో గుప్పెడు,
చారులో కొత్తిమీర వేసినట్టు.
రెండూ సాజే.
మధ్యలో చెయ్యి రెండుసార్లు సిట్రా పొట్లం మీదకి పోయింది.

ఏప్రిల్, గుంటూరు.
టబ్బులో నీళ్ళు, నీళ్ళలో క్యాను, క్యానుకి తడిగోనె.
మూడోరోజు మధ్యాహ్నం పోయిన కరెంటు
దీపాల వేళ దాటాక గానీ రాలేదు.
ఐసు గడ్డ గడప దాటేలోపే సగమైంది.
క్యానుకి చెవి ఆనించి విన్నాను,
లోపల బుడగలు
కదిలే బస్సు వెనక జనంలా పరుగెడుతున్నాయి.

నెల తిరిగాక మూత తీశాను.
రంగు బాగుంది. నురగ నిలబడింది.
వాసన...
అరటిపండు.
మాగిపోయిన చక్రకేళి, గదినిండా.
ఆ గెల వెనక ఎక్కడో,
పిలిస్తే పలికేంత దూరంలో,
గట్టు, గడ్డి, కొడవలి.

గ్లాసు మీద పళ్ళెం మూసి
సాయంత్రం సాంబ్రాజ్యం ఇంటికి పట్టుకెళ్ళాను.
తను తాగదు.
పళ్ళెం ఎత్తి, ఒక్కసారి పీల్చి, మళ్ళీ మూసేసింది.
"నీ ఇల్లు వేడయ్యా" అంది.
"మూడూ కలిపుంటే తెలిసేది కాదు."
"తెలిసేది కాదు" అంది తనూ,
మెచ్చుకుందో తిట్టిందో.

ఇంటికొచ్చి ఆ గ్లాసు నేనే తాగాను.
చివరి గుక్కలో ఒక్క క్షణం మిరియం.
ధరలు రాసుకునే పుస్తకం వెనకపేజీ తీసి రాసుకున్నాను:
సాజ్, ఇంకో వంద గ్రాములు.
దాని కింద:
ఐసు, రోజుకి ఆరు గడ్డలు.