గాలి తీసేవాడు

జహ్రా దాటినాక ఒకచోట తారు ఆగిపోతుంది.
అక్కడ ఓబులేసు వంగి
ఒక్కో టైరు నోట్లో మేకు మొన పెట్టి
గాలి వదిలేవాడు.
అరవై నుంచి ఇరవైకి,
చెవే కొలత.

మిలిటరీ బండి
సంగటి ముద్దలా అణిగి
ఇసుక మీద మునగకుండా పోయేది.
తిరిగి రోడ్డెక్కితే మళ్లీ నింపాలి,
లేకుంటే రబ్బరు కాగి చీలుతుంది.
ఎండాకాలం రోజుకు నాలుగుసార్లు.

ఇప్పుడు డ్రైవరు పక్కనే మీట.
నొక్కితే ఆరు చక్రాలూ
ఒక్కసారే బుస్సుమంటాయి.
ఆ గొట్టాలు బిగించిందీ ఓబులేసే.

"ఖలాస్! ఇక నీకు వంగే పని లేదు"
సార్జెంట్ భుజం తట్టాడు.
నడుం నమ్మింది.

బొటనవేలే,
రాత్రి క్యాంపులో పై బంకు మీద
దుప్పటి అంచు పట్టుకుని
వాల్వు వెతుకుతోంది.