ఊపిరి బిగపట్టి

మంగళవారం. గాలి పడమటిది.
సోర్చా రెండు గాజుబుడ్లు సంచిలో వేసుకుని
రాతిగోడ దాటి, సముద్రానికి ఎదురుగా నిలబడుతుంది.
కోలిన్ ఆవులు వెనకాలే ఉండాలి,
అతని పొయ్యిపొగ వెనకాలే ఉండాలి,
వీలైతే తను కూడా తన వెనకాలే ఉండాలి.
అందుకే గుండెనిండా పీల్చి, బిగపట్టి,
పంపు మీట నొక్కి
మనసులో ఇరవై దాకా లెక్కపెడుతుంది.

ఐర్లండ్ అంచున, ముప్పైనాలుగేళ్లుగా, ఇదే పని.
బుడ్లు ఎక్కడికో పోతాయి. ఒక సంఖ్య తిరిగొస్తుంది:
శతకోటి రేణువుల్లో పద్దెనిమిది వందల చిల్లర మీథేన్.
బోడిలింగమంత.
వంటింటి గోడమీద దాన్ని చుక్క పెడుతుంది,
ఎవరూ కలపని ముగ్గులా.

వేసవిలో చుక్కలు దిగుతాయి.
ఎండకు పుట్టి ఒక్క సెకనైనా నిలవని హైడ్రాక్సిల్
ఆకాశాన్ని చాకిరేవు చేసి ఉతుకుతుంది.
చలికాలం సూర్యుడు నాలుగున్నరకే ముఖం చాటేస్తాడు,
మాసినవన్నీ పోగుపడతాయి, చుక్కలు ఎక్కుతాయి.
నిద్రపోయే పిల్ల డొక్కలా
ఎక్కడం, దిగడం.

ఈఫా బడికి వెళ్లిన ఏడు మొదలు
డొక్క అక్కడే ఎగిసి అక్కడే పడింది, కొన్నేళ్లు.
"ఆగిపోయినట్టుందిలే," అన్నాడు కోలిన్,
"ఇక నీ బుడ్లలో జామ్ పోసుకో."
ఆమె నవ్వింది. కొంచెం నమ్మింది కూడా.

రెండువేల ఏడులో చుక్క లేచింది.
ముందు తననే అనుమానించింది.
ఇరవై కాకముందే ఊపిరి వదిలానా?
మూత సరిగా బిగించానా?
ఆ ఏడాదంతా ఇంకో యాభై అడుగులు రాళ్లమీదికి నడిచి
ముప్పై దాకా లెక్కపెట్టింది, కళ్లు చీకట్లు కమ్మేదాకా.

దక్షిణ సముద్రంలో, ఒక్క ఆవూ లేని దీవిలో
ఎవరో నింపిన బుడ్డీ అదే చెప్పిందని
ఉత్తరం వచ్చింది.
టీ పెట్టుకుని తాగడం మరిచిపోయింది.
తన తప్పే అయితే బాగుండేది.

కొత్తగా చేరినదాంట్లో కార్బన్ తేలికట.
గనులకన్నా బురద ఊపిరే ఎక్కువంటున్నారు,
వేడెక్కిన చిత్తడినేలలదీ, నెమరేసే నోళ్లదీ.
నిన్న ఇంటివెనక ఊబినేల మీద
బూటుకింద ఒక బుడగ పగిలింది.
కాసేపు పాదం తీయలేదు.

గోడమీద కాగితం చాలక
పైన ఇంకొకటి అతికించింది, అటక దాకా.

మళ్లీ మంగళవారం. గాలి ఇంకా తిరగలేదు.
రాతిగోడకి ఆనుకుని, బుడ్లు ఒళ్లో పెట్టుకుని
కూర్చుంది,
మామూలుగా ఊపిరి తీస్తూ.