జిగురు ఆరకముందే

ఏప్రిల్ వచ్చిందంటే
హాలిఫాక్స్ రేవులో చలి ఇంకా పళ్ళు కొరుకుతూనే ఉంటుంది గానీ
నా దుకాణం మెట్ల మీద మాత్రం
నిద్రలేని కళ్ళు బారులు తీరతాయి.
ముప్పై ఒక్క ఏళ్ళుగా నాకిదే పని,
డిగ్రీ ఆఖరేడు పిల్లల ఆనర్స్ థీసిస్‌లకు
అట్టలు కట్టడం.
సైన్సుకి ఆకుపచ్చ, చరిత్రకి ముదురెరుపు, లెక్కలకి నీలం.
సంగీతానికి ఏ రంగో ఎవరూ చెప్పలేదు,
మిగిలిన గుడ్డ ఏదుంటే అది.

నేను చదవను.
చదివితే కుట్టు వంకర పోతుంది.
అయినా కళ్ళకి గొళ్ళెం పెట్టుకోగలమా,
కాగితాలు సర్దుతుంటే
ఒకటీ అరా తగులుతూనే ఉంటాయి.

సమాధిరాళ్ళ మీది రాతిపువ్వు
ఏడాదికి మిల్లీమీటరైనా పెరగదట.
టోర్‌క్విల్ అనే కుర్రాడు రెండు వేసవులు
స్కేలు పట్టుకుని శ్మశానంలో మోకరిల్లాడు.
చూసినవాళ్ళు ఎవరో దగ్గరివాళ్ళు పోయారనుకుని
అతనికి టీ ఇచ్చి వెళ్ళేవారట.
అది కూడా ఫుట్‌నోట్‌లో రాశాడు.

ఇంకో కట్టలో, పొగమంచుకి
ఒక మామ్మ వాడిన పదకొండు మాటలు.
మాటకో పేజీ.
పదకొండో దానికి అర్థం చెప్పకుండానే ఆవిడ పోయింది.
మనవరాలు ఆ పేజీ ఖాళీగా వదిలేసింది.
మార్కులు కోస్తారేమోనని నాకే బెంగ.

గణితం పిల్లవాడి నలభై పేజీల్లో
నాకర్థమైన మాట ఒక్కటే:
"కాబట్టి".

నిన్న పొద్దుగూకాక,
గడువింకా పద్దెనిమిది గంటలుందనగా
ఓడెట్ కోమో వచ్చింది.
ఆకుపచ్చ అట్ట. అఖాతం అడుగున మొలిచే
ఈల్‌గడ్డి మీద పద్నాలుగు నెలల పని.
రబ్బరు బూట్లలోకి మంచునీళ్ళు దిగుతుంటే
చదరం చదరం చొప్పున లెక్కపెట్టిన పోచలు.
గడ్డి తిరిగొస్తోందని
ఆఖరి అధ్యాయం సంబరపడిపోయింది.

గుమ్మంలోనే నిలబడి నీళ్ళు నమిలింది.
"మిసెస్ మెకాస్కిల్, నాది కట్టేశారా?"
కట్టేశాను. గంటైంది. బరువు కింద ఉంది.
"విప్పగలరా?"

పద్నాలుగు వేయాల్సిన చోట నలభై ఒకటి వేసిందట.
అంకెలు రెండూ కుర్చీలు మార్చుకున్నాయి, అంతే.
సరిచేస్తే అఖాతం అడుగు మళ్ళీ బోడి.
ప్రొఫెసర్ పట్టుకోలేదు.
పరీక్షకులిద్దరూ చేయి కలిపి మరీ మెచ్చుకున్నారు.
తనే, బస్సులో, తోచక
తడిసి ఉబ్బిన పాత నోట్‌బుక్ తిరగేస్తుంటే కనిపించిందట.

"ఎవరికి తెలుస్తుందమ్మా" అన్నాను.
అనకూడని మాట. అలసటతో జారింది.
ఆ పిల్ల చేతి తొడుగులు తీసి, మళ్ళీ వేసుకుని,
"వచ్చే ఏడు ఇంకెవరో దిగుతారు కదా
ఆ నీళ్ళలోకి, నా లెక్క నమ్ముకుని" అంది.

జిగురు ఆరకముందే విప్పాలి.
ఆరితే కాగితం తోలులా ఊడొస్తుంది.
ఎముక కత్తి వెచ్చచేసి, వీపు మీది గుడ్డను
కాలిన వేలికి కట్టిన గుడ్డలా
కొంచెం కొంచెంగా లేపాను.
ఆమె ఆ మూల బల్ల దగ్గర కూర్చుంది,
హీటరుకి కాళ్ళు చాపి, తెల్లవార్లూ.
తొమ్మిది పేజీల సంబరం
పొద్దుటికి నాలుగు పేజీలయింది.

ఆ నాలుగూ చదివాను.
"గడ్డి రాలేదు. వచ్చిందనుకున్నాను.
ఎందుకు అనుకున్నానో కింద రాస్తున్నాను."
ఆ తరవాత ఉన్నది పట్టికలే,
నాకు తెలియని భాష.
అయినా పేజీ తిప్పడానికి ఎందుకో ఆగాను.

కుట్టు నిజంగానే వంకర పోయింది.

ఇక మిగిలింది వీపు మీది బంగారు అక్షరాలు.
"ఈల్‌గడ్డి పునరాగమనం" అని
మొన్ననే కాల్చి అద్దేశాను.
కొత్త గుడ్డ లేదు, వేళా లేదు.
ఇద్దరం కాసేపు దానివంకే చూశాం.
"చివర కాస్త చోటుంది" అంది ఓడెట్.

అచ్చుల సొరుగు లాగాను.
అక్షరాలన్నీ అరిగి గుండ్రబడ్డాయి.
మూలన దుమ్ములో
ప్రశ్న గుర్తు ఒక్కటే
కొన్ననాటి పదునుతో ఉంది.