మంత్రులు డబ్బాలో ఉన్న చలికాలం

కుతైసిలో ఆ ఏడు కరెంటు
రోజుకు రెండు గంటలు, అదీ చెప్పాపెట్టకుండా.
రొట్టెల బట్టీ మీది గది మా చదరంగం క్లబ్బు.
కింద నిప్పు ఆరేదాకా నేల వెచ్చగా ఉండేది,
బూట్లు విప్పి ఆడేవాళ్ళం.

పోతి నుంచి వచ్చిన గోచాతో
గెలవాల్సిన ఆట నేను డ్రా చేసుకున్న రోజు
సిసానా టీచరు తిట్టలేదు.
బల్ల బల్లకీ తిరిగి మంత్రుల్ని ఏరి
బిస్కెట్ల డబ్బాలో వేసి మూత బిగించింది.
"మంచు కరిగాక ఇస్తాను."

"నీ రాజు మూలనెందుకు కూర్చున్నాడు?"
"భయం కదా, టీచర్."
"ఎవరికి? మంత్రులు పోయారు, గుర్రాలు పోయాయి.
ఖాళీ ఇంట్లో ఇంకా మంచం కిందేనా?"

ఇక నెలంతా రెండు రాజులు, గుప్పెడు బంట్లు.
తొందరపడి బంటును తోస్తే చేతి మీద ఒక్కటి.
"ముందు పెద్దవాడు నడవాలి. పిల్లాడు వెనక."

రాజుకెదురుగా రాజు, నడుమ ఒక్క గడి.
ఇరుకు సందులో ఎదురుపడ్డ ఇద్దరు మొండివాళ్ళు;
ముందు కదిలినవాడే దారివ్వాలి.
కదలననడానికి ఈ ఆటలో వీల్లేదు.
అందుకని వెనక్కొక అడుగు, పక్కకొకటి,
మళ్ళీ నిలుచున్న చోటికే,
వంతు మాత్రం అవతలివాడి నెత్తిన.
అది నా బుర్రకెక్కడానికి పదకొండు రోజులు.
మ్జెకాలాకు ఒక్క సాయంత్రం.
ఆ కుళ్ళు నాకింకా పోలేదు.

ఫిబ్రవరిలో గోచా మళ్ళీ వచ్చాడు.
ఈసారి ఆట మధ్యలోనే నా రాజు లేచాడు,
చలికి వణుకుతూ, కట్టెలకు పోయేవాడిలా,
ఒక్కో గడీ, బల్ల నడిమికి.
అప్పుడు నా ఏనుగును అతని ఏనుగుకు ఎదురు పెట్టాను.
సంబరంగా చంపాడు. నేనూ చంపాను.
మిగిలింది చూసుకున్నాడు:
అటు చివర ఒంటరిగా పరిగెడుతున్న నా బంటు,
దాన్నాపాలంటే బల్లంతా దాటాలి అతని రాజు.
దాటాడు పాపం.
వదిలివచ్చిన వాకిట్లో అతని మూడు బంట్లనూ
నా రాజు తాపీగా, ఒకదాని తర్వాత ఒకటి.

ఆ మూడోది తీస్తుండగా కరెంటొచ్చింది.
వీధి వీధంతా కేక పెట్టింది,
బట్టీలో ఎవరో పళ్ళెం వాయించారు.
సిసానా కొవ్వొత్తి ఊదేసి, పొగను చేత్తో తోసి,
"ఎవరి వంతు?" అంది.