ఒక్క గీత

ఫారంలో పదకొండో ప్రశ్న:
మాత్ర ఎందుకు మానేశారు?
జవాబుకి కింద ఒక్కటే గీత,
నా చూపుడు వేలంత.

లుయాండో ఎదురుగా బకెట్ బోర్లించుకుని కూర్చుంది.
గదికి తలుపు లేదు.
అద్దె మూడు వారాలు మీరిందని
ఇంటాయన శనివారం స్క్రూడ్రైవర్‌తో వచ్చాడు.
బందులు ఊడదీసి
తలుపుని నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయాడు.
తిట్టను కూడా తిట్టలేదు. బాకీ తీరితే తెస్తాడట.

గుమ్మానికి చితెంగె గుడ్డ కట్టింది.
జాంబేజీ మీంచి గాలి లేచినప్పుడల్లా
వీధి లోపలికి తొంగిచూసి పోతోంది.
రాత్రుళ్లు నీటిగుర్రాలు గడ్డికోసం ఇటే వస్తాయి.
"వాటికేం అక్కా, వస్తే చప్పుడవుతుంది" అంటుంది.

మాత్రల సీసాలో ఇదివరకు దూది కుక్కేది,
గలగలమంటే పక్కగది వింటుందని.
రోగం రాకుండా వేసుకునేదనీ
వచ్చాక వేసుకునేదనీ
సీసా చప్పుడులో తేడా ఉండదు కదా.
తలుపు పోయాక
సీసాని మొక్కజొన్న పిండి డబ్బాలో పాతిపెట్టింది.
పిండి అయిపోయింది.
డబ్బా బదులుకి వెళ్లి
ఎవరింట్లోనో ఆగిపోయింది.

రోజూ ఒకే వేళకి వేసుకోవాలి,
పోయిన నెల ఇదే బకెట్ మీద కూర్చుని చెప్పింది నేనే.
ఆమె వేళలన్నీ లారీలవి.
చిరుండు వంతెన దగ్గర ఒక కాగితం ఆగితే
నాలుగు రోజులు రాగి లారీల బారు.
కాగితం కదిలిందా,
ఊరు ఊరంతా దులిపిన సంచి.

తొడుగుతో ఎనభై క్వాచా.
వద్దంటే నూట అరవై.
గదికి రోజుకి డెబ్బై, పాత బాకీ విడిగా.
"లెక్కలు నాకు చెప్పకు,
ఎనిమిదో తరగతి దాకా లెక్కల్లో నేనే ఫస్టు."
నవ్వింది. పైవరసలో ఒక పన్ను లేదు.
పోయిన నెల ఉంది.

ఈ వరస గదుల్లో నేనూ ఆరేళ్లు బతికినదాన్నే.
వద్దు అన్నాను, చాలాసార్లు. ఊరుకున్నారు, చాలామంది.
అదంతా నా గుండెదిటవనే అనుకున్నాను
ఇవాళ్టి దాకా.
నా గదికి తలుపుండేది.
లోపల్నించి ఇనప గడియ ఉండేది.
ఆ మాట అన్న ప్రతిసారీ నా వీపు
దానికి ఆని ఉండేది.

ఫారంలో గళ్లున్నాయి:
మరిచిపోయాను. వికారం. ఇష్టం లేదు. ఇతరములు.
ఇతరములు టిక్కు పెట్టి
గీత మీద రాశాను: తలుపు లేదు.
లుసాకాలో ఎవరో దానికి ఎర్ర సున్నా చుడతారు,
ప్రశ్నకి సంబంధించని జవాబని.

పరీక్ష పట్టీ మీద కూడా
ఇవాళ్టికి ఒక్కటే గీత.
ఇద్దరం పావుగంట దాన్నే చూశాం,
రెండోది పడుతుందేమోనని.
పడలేదు.

కొత్త సీసా ఇచ్చాను. చేతిలో తిప్పింది,
గోడలకేసి చూసింది, గుడ్డకేసి చూసింది,
మళ్లీ నాకే ఇచ్చింది.
"ఏడింటికి ఇటే పోతావుగా.
ఒకటి తీసి చేతిలో పెట్టి పో."

ఇలా ఇచ్చినవాళ్లు ఆమెతో ఐదుగురు.
నడుస్తుంటే సంచి గలగలమంటుంది.
బజార్లో తలలు తిరుగుతాయి.
నేను దూది పెట్టను.